బ్రెడ్డు డబ్బా కింద

పొద్దున్నే టీ పెట్టుకుని, ముక్కూ మొహం తెలియని వాళ్ల ఇళ్ల ఫొటోలు చూస్తూ కూర్చోవడమే నా ఉద్యోగం. ఖాళీ పడకగదులు, కడిగీ కడగని ఓవెన్లు, మేకులు పీకేసిన గోడలు. వాటిలో మనుషులు మాత్రం కనిపించరు. ఎప్పుడైనా బాత్రూం అద్దంలో ఫొటో తీసినవాడి మోచెయ్యి పడుతుంది. దానికే సంతోషపడిన రోజులు నాకున్నాయి.

మా దేశంలో ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు డిపాజిట్టు తీసుకుంటే అది తమ జేబులో వేసుకోవడానికి వీల్లేదు. ముప్పై రోజుల్లోగా చట్టం ఒప్పుకున్న ఒక సంస్థ దగ్గర దాన్ని భద్రం చేసి, ఆ కాగితాలు అద్దెకు దిగినవాళ్ల చేతికివ్వాలి. లేదంటే కోర్టు మూడింతల దాకా వాయిస్తుంది. ఇల్లు ఖాళీ చేశాక ఇద్దరూ ఒక మాట మీదుంటే డబ్బు చల్లగా వెళ్లిపోతుంది. లేకపోతే ఫైలు నాలాంటి దాని దగ్గరకొస్తుంది. దిగిన రోజు రాసిన సామాన్ల జాబితా, వెళ్లిన రోజు రాసిన జాబితా, రెండు రోజుల ఫొటోలు, రెండు వైపుల ఉత్తరాలు, అంతే నాకిచ్చేది. ఇల్లు వెళ్లి చూడకూడదు. ఎవరికీ ఫోన్ చెయ్యకూడదు. వాడకానికి అరిగింది ఏది, అజాగ్రత్తకు పాడైంది ఏది అని కాగితాల్లోంచే తేల్చాలి. రుజువు చేసుకోవాల్సింది ఎప్పుడూ యజమానే. తేలేదాకా ఆ డబ్బు అద్దెకున్నవాళ్లదే కాబట్టి.

పదకొండేళ్లుగా ఇదే పని. హార్టిల్‌పూల్‌లో రెండో అంతస్తులో ఉంటాను. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. చూడమని చెప్పడానికి పక్కన ఎవరూ లేరు కాబట్టి నేనూ పెద్దగా చూడను. ఫైళ్లతో మాత్రం మాట్లాడతాను. "ఏం నాయనా, ఆ కార్పెట్టు మీద ఏం ఒలకబోశావ్?" "ఏమ్మా, దీపాల్లో పురుగులు చచ్చి ఉన్నాయని దీపాలకు కూడా డబ్బులడుగుతావా?" అని. వాళ్లు తిరిగి ఏమీ అనరు. అయినా ఇంట్లో ఒక గొంతు వినిపిస్తూ ఉంటుంది కదా, అది నాదే అయినా సరే.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం వచ్చిన ఫైలు మొదటి పేజీలోనే చిరునామా చూశాను. కీత్లీ ఊరు, కొండ ఎక్కే వీధి, ఇరవై ఏడో నంబరు ఇల్లు.

ఆ ఇంట్లో నేను ఆరేళ్లు కాపురం చేశాను.

రూలు చాలా సులువు. నీకు తెలిసిన ఇల్లైనా, తెలిసిన మనిషైనా ఫైలు అక్కడే మూసి తిప్పి పంపాలి. నాకు ఆ రూలు కంఠతా వచ్చు, కొత్తగా చేరినవాళ్లకి నేర్పింది కూడా నేనే. అయినా మూయలేదు. ఒక్కసారి ఆ వంటింటి ఫొటో చూసి మూసేద్దాం అనుకున్నాను. ఇరవై రెండేళ్ల తర్వాత మన ఇంటి ఫొటో మన బల్ల మీదకి వస్తే చూడకుండా ఉండగలిగేవాళ్లు నాకంటే మంచివాళ్లు. వాళ్లకో దండం.

మొదటి ఫొటోలు పద్నాలుగేళ్ల కిందటివి, అద్దెకు దిగిన రోజు తీసినవి. వంటింట్లో అదే కిటికీ, అదే చెక్క వంటగట్టు. గట్టు మీద కుడి మూల బ్రెడ్డు డబ్బా. ఎనామిల్ డబ్బా, మీగడ రంగు, ఆకుపచ్చ మూత, మూత అంచున ఒక సొట్ట. ఆ సొట్ట మా ఆయన నెవిల్ పెట్టింది. డబ్బాని నేనే ఆ ఊరి సంతలో కొన్నాను. జాబితాలో యజమాని సామాన్ల కింద ఎక్కించేశారు: 'బ్రెడ్డు డబ్బా ఒకటి, పాతది.'

తర్వాతి ఫొటో మొన్న డిసెంబర్లో, ఇల్లు ఖాళీ చేసిన రోజు తీసినది. డబ్బా పక్కకి జరిపి ఉంది. అది ఉన్నచోట పళ్లెమంత గుండ్రటి నల్లటి మచ్చ, చుట్టూ పైపొర పొంగి లేచిపోయింది. 'వేడి గిన్నె పెట్టి కాల్చారు, గట్టు మార్చాలి' అని యజమాని రాశాడు. యజమాని పేరు స్టూవర్ట్ పికర్స్‌గిల్. నా రోజుల్లో వాళ్ల నాన్న ఉండేవాడు.

అద్దెకున్నావిడ పేరు మిస్ డోరీన్ గార్బట్, వయసు ఎనభై ఒకటి. ఆవిడ తరఫున వాదన రాసింది మేనకోడలు గెయిల్. రెండు పేజీలు, కోపంగా. మా అత్తయ్యకు మతిమరుపు వస్తోంది, గిన్నె పెట్టి మర్చిపోవడం జబ్బు లక్షణం, అజాగ్రత్త కాదు, జబ్బుమనిషిని డబ్బులడగడం ఏం మర్యాద, అని. 'ఆమె స్కిప్టన్‌లో మా ఇంటి దగ్గర ఒక చిన్న ఫ్లాట్ తీసుకుని ఒంటరిగా ఉంటానంది. ఈ మచ్చ చూశాక ఆ మాట మానుకున్నాం. ఏప్రిల్‌లో డాక్టరు చూస్తారు. ఆ తర్వాత ఆమెను వృద్ధుల ఆశ్రమంలో చేర్చాల్సి ఉంటుంది' అని చివర రాసింది.

ఆ పేజీల వెనకాల చేత్తో రాసిన కాగితం ఒకటుంది. మిస్ గార్బట్ రాసింది. అక్షరాలు గుండ్రంగా, ఎక్కడా వణుకు లేకుండా ఉన్నాయి.

'ఆ మచ్చ సంగతి నాకు గుర్తులేదు. డబ్బా ఇంటివాళ్లది, జాబితాలో ఉంది, అందుకని దాన్ని కదిపేదాన్ని కాదు. చుట్టూ తుడిచేదాన్ని. ఒకళ్ల వస్తువు ముట్టుకోవడం బాగుండదు కదా. కానీ పద్నాలుగేళ్లూ ఆ ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. కాబట్టి నేనే చేసి ఉంటాను. మీకు ఇబ్బంది కలిగించినందుకు క్షమించండి.'

నేను కుర్చీలోంచి లేచి వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాను. ఎందుకు వెళ్లానో తెలియదు. మళ్లీ వచ్చి కూర్చుని ఆ కాగితం ఇంకోసారి చదివాను. ఇంట్లో ఇంకెవరూ లేరు కాబట్టి తప్పు నాదే అయ్యుండాలి అన్న లెక్క నాకు కొత్త కాదు. ఒంటరిగా ఉండేవాళ్లందరం ఆ లెక్కే వేసుకుంటాం.

ఆ మచ్చ చేసింది నేను.

రెండువేల రెండు సెప్టెంబరు, శనివారం మధ్యాహ్నం. కాలవ గట్టున కోసిన బ్లాక్‌బెర్రీలతో జామ్ కాస్తున్నాను. నడవాలో ఫోన్ మోగింది. ఉడుకుతున్న గిన్నెని మంట మీంచి దించి, కింద ఏమీ వెయ్యకుండా గట్టు మీద పెట్టేసి పరిగెత్తాను. నెవిల్.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు.

"జామ్ కాస్తున్నా."

"అయ్యో, మధ్యలో పిలిచానా? తర్వాత చెయ్యనా?"

"పర్లేదు, చెప్పు."

"నేనిక ఇంటికి రావట్లేదు హేజెల్," అన్నాడు.

అంత మర్యాదగా చెప్పాడు. నేనూ అంతే మర్యాదగా "సరే" అన్నాను. సామాన్లెప్పుడు తీసుకెళ్తావని అడిగాను, ఆదివారమా, సోమవారమా అని. ఫోన్ పెట్టేసి ఎంతసేపు నడవాలో నిలుచున్నానో తెలియదు. వాసన వచ్చాక వంటింట్లోకి వెళ్లాను. ఆ ఫోన్ సంగతి ఈనాటిదాకా ఎవరికీ చెప్పలేదు. అమ్మకి కూడా, ఇద్దరం కలిసి నిర్ణయించుకున్నామనే చెప్పాను.

ఒక్క జీతంతో ఆ అద్దె కట్టలేక రెండు నెలల్లో ఇల్లు ఖాళీ చేశాను. అప్పటికి ఈ చట్టం ఇంకా రాలేదు. డిపాజిట్టు ఇంటాయన జేబులోనే ఉండేది, తిరిగివ్వడం మానడం ఆయన ఇష్టం. నా మూడొందల పౌండ్లూ రాకపోతే ఇంకోచోట గది తీసుకునే దారి నాకు లేదు. అందుకని పెద్దాయన పికర్స్‌గిల్ చూడ్డానికొచ్చే ముందు బ్రెడ్డు డబ్బాని మచ్చ మీదకి జరిపాను. ఆయన ఇల్లంతా తిరిగి, "బాగానే ఉంచావమ్మాయ్, ఆ డబ్బా తీసుకెళ్లవా?" అన్నాడు. "మీ దగ్గరే ఉంచండి, వచ్చేవాళ్లకి పనికొస్తుంది," అన్నాను. ఎంత మంచిదానివి అన్నట్టు నవ్వి డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. ఆ డబ్బుతోనే ఈ ఊరొచ్చాను.

సరే, బ్రాన్‌వెన్‌కి ఫోన్ చేశాను. కార్డిఫ్‌లో ఉంటుంది, మా అందరికీ పని పంచేది ఆవిడే. పదకొండేళ్లుగా వారానికి రెండుసార్లు మాట్లాడుకుంటాం, ఎప్పుడూ కలుసుకోలేదు. నా పుట్టినరోజు గుర్తుపెట్టుకునే మనిషి ఆవిడొక్కతే. సంగతంతా చెప్పాను.

"తెరవగానే మూసెయ్యాలిగా," అంది. "చదివేశావా?"

"చదివా."

"మొత్తమా?"

"మొత్తం."

"నువ్వే ఇలా చేస్తే ఇంకెవరికేం చెప్పను చెప్పు." కాసేపు కీబోర్డు చప్పుడు. "సరే, పాత పరిచయం అని కారణం రాసి పంపెయ్. మనవాళ్లలో క్లైవ్‌కిస్తా."

"క్లైవ్ ఫొటోలు సరిగ్గా చూడడు బ్రాన్‌వెన్. మొదటి ఫొటోలో డబ్బా ఆ చోటే ఉంది. దాని కింద ఏముందో యజమాని చూపించనే లేదు."

"చూడకపోతే మాత్రం ఏం కొంపమునిగింది? పద్నాలుగేళ్లు కాపురమున్న ఇంట్లో గట్టుకి కొత్త గట్టు డబ్బులు ఎవడిస్తాడు? దాని ఆయుష్షు ఎప్పుడో తీరిపోయింది. ఆ ముసలావిడ డబ్బు ఆవిడకి పైసా తగ్గకుండా వచ్చేస్తుంది. ఇంకేం కావాలి నీకు?"

"తనే కాల్చానని ఒప్పుకుందావిడ. 'కాల్చినట్టు అంగీకరించారు, అయినా గట్టు పాతది కాబట్టి' అని రాస్తాడు క్లైవ్."

"అవును, రాస్తాడు."

"ఆవిడ కాల్చలేదు. ఆ మచ్చ చూపించే కదా ఆవిణ్ణి ఆశ్రమంలో పడేస్తున్నారు!"

బ్రాన్‌వెన్ గొంతు తగ్గించింది. "ఇదిగో, బంగారుతల్లీ, విను. డబ్బు ఎవరికి పోవాలో చెప్పడం వరకే మన పని. ఎవరి ఇంట్లో ఏం జరిగిందో, ఎవరు ఎక్కడుండాలో మనకక్కర్లేదు. నువ్వు తీర్పు చెప్పేదానివైనా అవ్వు, సాక్షివైనా అవ్వు. రెండు పడవలు కుదరవు. ఇంకో మాట. ఆ ఫైల్లోది ఒక్క ముక్క బయటికి పొక్కినా నీ పని పోతుంది. నేనడ్డం పడినా ఆగదు. అర్థమైందా?"

"అయింది," అన్నాను.

ఫైలు తిప్పి పంపాను. మరుసటి రోజు వేరే ఫైళ్లొచ్చాయి. పిల్లి గీరిన తలుపు, విరిగిన మంచం కోడు. వాటితో మాట్లాడదామని నోరు తెరిస్తే మాట రాలేదు. ఆవిడ ఇప్పుడు ఏం చేస్తూ ఉంటుంది, మేనకోడలి ఇంట్లో ఏదో గదిలో కూర్చుని, 'నేను కాల్చింది ఎప్పుడబ్బా' అని తన్నుకు చస్తూ ఉంటుంది, అనే ఆలోచన తప్ప ఇంకోటి లేదు. ఒక మనిషికి మిగిలిందల్లా తన బుర్రే అయినప్పుడు, దాన్ని కూడా నమ్ముకోవద్దని నేను చెప్పినట్టయింది. మూడొందల పౌండ్ల కోసం.

రెండు రోజులు ఓర్చుకుని, గురువారం మధ్యాహ్నం ఉత్తరం రాశాను. చేత్తోనే రాశాను.

'నా పేరు హేజెల్ ఓర్మరాడ్. మీకంటే ముందు ఆ ఇంట్లో ఉన్నాను. గట్టు మీద మచ్చ రెండువేల రెండు సెప్టెంబరులో నేను చేసింది. వేడి జామ్ గిన్నె పెట్టాను. ఇంటాయనకి కనబడకుండా బ్రెడ్డు డబ్బాతో కప్పింది కూడా నేనే. డబ్బా నాది, మూత మీద సొట్ట మా ఆయన పెట్టింది. మీరు ఆ గట్టుని ఏమీ చెయ్యలేదు. మీకు గుర్తులేకపోవడానికి కారణం అది జరగకపోవడమే. మీ వివరాలు నాకు ఉద్యోగం వల్ల తెలిశాయి, వాడకూడదు, వాడాను.'

మూడు కాపీలు తీశాను. ఒకటి మిస్ గార్బట్‌కి, ఒకటి స్టూవర్ట్ పికర్స్‌గిల్‌కి, మూడోది బ్రాన్‌వెన్‌కి. మూడోది పంపకపోతే బహుశా ఎవరికీ తెలిసేది కాదు. కానీ చాటుగా కప్పెట్టే పని ఒకసారి చేశాను, ఇంక ఓపిక లేదు. మూలమీది తపాలా పెట్టె దగ్గర బ్రాన్‌వెన్ కవరు పట్టుకుని కాస్త ఎక్కువసేపే నిలబడ్డాను. ఒకావిడ కుక్కతో వచ్చి, "వేస్తున్నారా, లేదా అండీ?" అని అడిగింది. "వేస్తున్నా, వేస్తున్నా, సారీ," అని వేసేశాను.

సోమవారం బ్రాన్‌వెన్ ఫోన్ చేసింది. ముందు కాగితం చూసి చదవాల్సిన వాక్యాలు చదివింది. గోప్యత, ఉల్లంఘన, నేటి నుంచి. చదవడం అయిపోయాక కూడా ఫోన్ పెట్టలేదు.

"ఎందుకే ఇలా చేశావ్?" అంది.

"నాకూ పూర్తిగా తెలియదు."

"ఒక్కసారైనా కార్డిఫ్ రావాల్సింది నువ్వు. రమ్మని ఎన్నిసార్లన్నానూ? ఇప్పుడింక నీకు ఫోన్ చెయ్యడానికి నాకు వంక కూడా లేదు."

వంక లేకుండా చెయ్యొచ్చుగా అందామనుకున్నాను. అనలేదు. తనూ అదే అనుకుని ఊరుకుందేమో. "ఆరోగ్యం జాగ్రత్త," అంది. "నువ్వూ," అన్నాను. అంతే.

ఆ తర్వాతి వారాలు ఎలా గడిచాయని ఎవరైనా అడిగితే చెప్పడానికేమీ లేదు. ఎవరూ అడగలేదు కూడా. పొద్దున్నే టీ పెట్టుకుని అలవాటుగా బల్ల దగ్గర కూర్చునేదాన్ని. ఒక రోజు చూసుకుంటే మూడు రోజులుగా నోరు విప్పలేదని తెలిసింది. కొట్టుకెళ్లి పాలు కొని, అవసరం లేకపోయినా "ఇవి తాజావేనా?" అని అడిగి వచ్చాను. కిటికీ దగ్గర కూర్చుని సముద్రం చూడ్డం మొదలుపెట్టాను. బాగానే ఉంది గాని, అంత బాగా కూడా లేదు.

మార్చి మొదట్లో ఒక పార్శిల్ వచ్చింది. విప్పితే బ్రెడ్డు డబ్బా. లోపల స్టూవర్ట్ పికర్స్‌గిల్ చీటీ.

'అయితే మీ తర్వాత అద్దెకు దిగినవాళ్లు గాని, మా నాన్న గాని ఎత్తి చూడలేదన్నమాట. పద్నాలుగేళ్ల కిందట జాబితా రాసినప్పుడు నేనూ చూడలేదు. గట్టు డబ్బులొద్దని సంస్థకి రాశాను. ఇద్దరం ఒప్పుకున్నాం కాబట్టి ఆవిడ డిపాజిట్టు మొత్తం ఆవిడకి వెళ్లిపోయింది. డబ్బా మీదేనంటున్నారు, మీరే ఉంచుకోండి. మా ఇంట్లో దీన్ని చూస్తే ఎందుకో ఇబ్బందిగా ఉంది.'

మా ఇంట్లోనూ ఇబ్బందిగానే ఉంది. అటూ ఇటూ పెట్టి చూసి చివరికి తలుపు వెనక పెట్టాను. మిస్ గార్బట్ దగ్గర్నుంచి మాత్రం ఏ కబురూ లేదు. డబ్బు అందింది, సరే. ఆవిడ సంగతేమిటి? ఉత్తరం ఆవిడ చేతికిచ్చారా, లేక గెయిల్ చింపి చెత్తలో వేసిందా? ఏప్రిల్ దగ్గరపడుతోంది. మళ్లీ రాద్దామనుకుని, ఆవిడని ఇప్పటికే చాలినంత ఇబ్బంది పెట్టానని మానుకున్నాను.

నెలాఖరున కార్డు వచ్చింది. గుండ్రటి అక్షరాలు.

'శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి టీకి రాగలరా? గెయిల్ కూడా ఉంటుంది, భయపడకండి.'

డబ్బాని పెద్ద సంచీలో పెట్టుకుని బయల్దేరాను. లీడ్స్‌లో రైలు మారాలి. స్కిప్టన్ వెళ్లే రైలు కీత్లీలో ఆగుతుంది. ఆగినప్పుడు కిటికీలోంచి కొండ మీది వీధులు కనిపిస్తాయని నాకు తెలుసు. రైలు కదిలేదాకా ఒళ్లో సంచీ వైపే చూస్తూ కూర్చున్నాను.

తలుపు గెయిల్ తీసింది. యాభై దాటిన మనిషి, మెడలో ఆసుపత్రి గుర్తింపు కార్డు ఇంకా వేలాడుతోంది.

"మీరేనా ఆవిడ?"

"నేనే."

"మీ ఉత్తరం చదివాక ఒళ్లు మండిపోయింది నాకు. ముందు మీ మీద. ఆ తర్వాత నా మీద. నెల రోజులు అత్తయ్యకి చూపించలేదు." పక్కకి తప్పుకుంది. "చెప్పులు ఇక్కడ విడవండి, కార్పెట్టు కొత్తది."

మిస్ గార్బట్ కిటికీ దగ్గర చిన్న బల్ల ముందు కూర్చునుంది. ఎండు చేపలా బక్కపల్చటి మనిషి. బల్ల మీద అల్లం కేకు ముక్కలు కోసి, ముగ్గురికీ కప్పులు పెట్టింది.

"నువ్వేనా అమ్మాయ్, నా గట్టు కాల్చింది?"

"నేనేనండీ, గార్బట్ గారూ. చాలా పొరపాటు చేశాను."

"కూర్చో, కూర్చో. పంచదార ఎంత?" టీ పోసి కప్పు నా వైపు జరిపింది. "నిజం చెప్పనా? నీ ఉత్తరం చదివి ముందు నమ్మలేదు. ఎందుకంటే అప్పటికే నాకు కాల్చింది గుర్తొచ్చేసింది."

నాకు అర్థం కాలేదు.

"బంగాళాదుంపలు ఉడకేసి, గిన్నె గట్టు మీద పెట్టి, చెత్తబండి వాడితో మాట్లాడ్డానికి గుమ్మంలోకి వెళ్లానట. వాసన కూడా గుర్తొచ్చింది. ఇదుగో, దీనికి చెప్పాను కూడా. రోజూ కూర్చుని ఎప్పుడు కాల్చానా, ఎప్పుడు కాల్చానా అనుకుంటూ ఉంటే, పోనీలే పాపం అని బుర్రే ఒకటి తయారుచేసి ఇచ్చినట్టుంది." చెయ్యి విదిల్చింది. "అది అబద్ధమని నువ్వు రాశాక, నాకు మళ్లీ నేను దొరికాను. చాలా థాంక్స్ తల్లీ. వాడకూడని వివరాలు వాడానని రాశావ్, నీ ఉద్యోగమేమైనా పోయిందా?"

"పోయిందండీ."

"అయ్యో. మంచి పనేనా?"

"మాట్లాడేవాళ్లుండరు. బాగానే ఉండేది," అన్నాను. కేకు ముక్క నోట్లో పెట్టుకున్నాను.

కాసేపయ్యాక సంచీలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ చేతులు వెనక్కి తీసుకుంది.

"ఇంటివాళ్లదిది!"

"కాదండీ. నాది. ఇప్పుడు మీది. ఇంక ఎటు కావాలంటే అటు జరుపుకోవచ్చు."

గెయిల్ వైపు చూసింది, నా వైపు చూసింది. రెండు చేతులతో డబ్బాని పట్టుకుని ఒక జానెడు కుడికి జరిపింది. మళ్లీ ఎడమకి జరిపింది. తర్వాత పైకెత్తి కిందకి వంగి చూసింది. బల్ల శుభ్రంగా ఉంది. డబ్బా దించింది.

"ఆ రోజు అసలేమైంది?" అని అడిగింది. "జామ్ కాసేవాళ్లు గిన్నె వదిలి కదలరే!"

ఇరవై రెండేళ్లలో ఆ మాట అడిగిన మనిషి ఆవిడే. చెప్పాను. ఫోన్ మోగడం, తర్వాత చెయ్యనా అని నెవిల్ అడగడం, పర్లేదు చెప్పు అనడం, ఆదివారమా సోమవారమా అని నేనడగడం, అన్నీ. చెప్తుంటే నాకే వింతగా ఉంది, ఇంత చిన్న సంగతా ఇన్నాళ్లూ మోసింది అని. గుమ్మంలో ఆనుకుని నిలబడ్డ గెయిల్ కార్డు తాడు వేలికి చుట్టుకుంటూ వింది.

మిస్ గార్బట్ చివరిదాకా కదలకుండా విని, "మరి జామ్ గట్టిపడిందా?" అంది.

"లేదండీ. నీళ్లలాగే ఉండిపోయింది. పారబోశాను."

"అయ్యో, అంత పండూ!" అంది బాధగా.

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడుపొచ్చేసింది. నెవిల్ వెళ్లినప్పుడు ఏడవలేదు, ఉద్యోగం పోయినప్పుడూ ఏడవలేదు, ఆ పళ్లకి ఏడ్చాను. ఆవిడ చేతిరుమాలు నా వైపు తోసి, నేను తేరుకునేదాకా కిటికీలోంచి బయటకి చూస్తూ కూర్చుంది.

తర్వాత స్వెటర్ జేబులోంచి చిన్న పుస్తకం, పెన్సిలూ తీసింది. "డాక్టరుకి చూపించడానికి," అంది. 'నేను మర్చిపోయినవి' అని పైన రాసి, కింద పన్నెండు దాకా అంకెలు వేసుంది. కళ్లజోడు ఫ్రిజ్జులో పెట్టాను. గురువారాన్ని శనివారం అనుకున్నాను. పక్కింటి వాళ్ల అబ్బాయి పేరు. అన్నింటికంటే పైన, ఒకటో నంబరు, గట్టు కాల్చాను.

ఆ ఒకటో నంబరు మీద పెన్సిల్‌తో గీత కొట్టింది. గీత మీద ఇంకో గీత కొట్టింది, కాగితం చిరిగేంత.

"మిగతావాటికి ఇల్లు తగలబడదులే," అంది గెయిల్ గుమ్మంలోంచి. ఎవరి మొహమూ చూడకుండా అంది. "ఆ ఫ్లాట్ ఇంకా ఖాళీగానే ఉందట. మంగళవారం వెళ్లి చూసొద్దాం అత్తయ్యా."

మిస్ గార్బట్ తల ఊపింది. పుస్తకాన్ని కాస్త దూరంగా పట్టుకుని మిగతా పేజీ మెల్లగా పైనుంచి కిందకి చదువుకుంది.

"అదొక్కటీ నీది తల్లీ," అంది నాతో. "ఈ పదకొండూ నావే."

పుస్తకం మూసి బ్రెడ్డు డబ్బాలో పెట్టి, మూత వేసింది.